ఆటోలో మిగతా ఆరుగురు

ప్రశ్న: టీచర్ గారికి నమస్కారం. మాది నల్గొండ జిల్లాలో హైవే పక్కన ఉన్న పెద్ద ఊరు. నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా చిన్నమ్మ కొడుకు ఎనిమిదో తరగతి. వాడికి చిన్నప్పటి నుంచి మాట తడబడుతుంది. మా ఊరి పిల్లలు పదకొండు మంది ఒకే ఆటోలో మండల కేంద్రంలోని స్కూలుకి వెళ్తారు. అందులో నలుగురు పదో తరగతి వాళ్లు. వాళ్లు వీడికి 'బఫరింగ్' అని పేరు పెట్టారు. వీడు నోరు తెరిస్తే చాలు, ఒకడు అచ్చం వీడిలాగే మాట్లాడి చూపిస్తాడు, మిగతావాళ్లు పడీ పడీ నవ్వుతారు. పోయిన నెల వీడు మాట్లాడుతుండగా ఫోన్లో తీసి, దానిమీద లోడింగ్ గుర్తు తిరుగుతున్నట్టు పెట్టి రీల్ చేశారు. అది ఊళ్లో పెద్దవాళ్ల ఫోన్లలోకి కూడా వచ్చింది. అప్పటి నుంచి వాడు కడుపునొప్పి అంటూ స్కూలు మానేస్తున్నాడు. బాబాయ్ ఏమో "మగపిల్లాడివి, తిరిగి ఒక్కటి ఇచ్చుకోలేవా" అంటాడు.

మా యూత్‌లో ఆరుగురం కూర్చుని మాట్లాడుకున్నాం. మాలో ఇద్దరు అమ్మాయిలు కూడా ఉన్నారు. ఆ నలుగురినీ ఆదివారం పంచాయతీ ఆఫీసు దగ్గరికి పిలిపించి గట్టిగా వార్నింగ్ ఇద్దామని కొందరు అంటున్నారు. బ్యానర్లతో ర్యాలీ తీద్దామని కొందరు. మేం టీచర్లం కాదు, పోలీసులం కాదు, మా మాట ఎవరు వింటారు? ఇంకొకటి కూడా చెప్పాలి. స్కూల్లో ఉన్నప్పుడు నేనూ ఒకడిని ఇలాగే ఏడిపించాను. ఈ పని చేసే అర్హత నాకుందా అని కూడా అనిపిస్తోంది.
- ఒక పాఠకుడు

జవాబు: బాబూ, నిన్ను నువ్వు అనే పిలుస్తాను. నా దగ్గర తొమ్మిదో తరగతి చదివినవాళ్లకే ఇప్పుడు నీ ఈడు పిల్లలున్నారు.

ముందు ఆ ఆదివారం కార్యక్రమం ఆపించు. మిగతా ఉత్తరం తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

ఎందుకంటే ఆ పని నేను చేసి చూశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా క్లాసులో ఒక పిల్లాణ్ణి ముగ్గురు కలిసి ఏడిపిస్తున్నారని తెలిసింది. ఆ ముగ్గుర్నీ క్లాసు మధ్యలో నిలబెట్టి, అందరి ముందు వాడికి సారీ చెప్పించాను. చేతులు కలిపించాను. చాలా గొప్ప పని చేశాననుకుని ఆ రోజు హాయిగా నిద్రపోయాను కూడా. వారం తిరక్కుండానే ఆ పిల్లాడికి ఇంకో పేరు వచ్చింది, 'టీచరమ్మ కొడుకు' అని. అంతకు ముందు ముగ్గురే అనేవాళ్లు, ఇప్పుడు క్లాసంతా అనడం మొదలుపెట్టింది. వాడు నాకు మళ్లీ ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. ఎందుకు చెప్తాడు?

పదిహేనేళ్ల కుర్రాణ్ణి ఊరి నడిమధ్య నిలబెట్టి తిడితే వాడు మారడు, వాడి పరువు పోతుంది. పోయిన పరువు వాడు సోమవారం పొద్దున ఆటోలోనే రాబట్టుకుంటాడు. ఆటోలో మీరుండరు. పైగా ఆ నలుగురి నాన్నలు, పెదనాన్నలు పంచాయతీ దగ్గరికి వస్తారు, మాటా మాటా పెరుగుతుంది. కులం బయటికొస్తుంది, పార్టీ బయటికొస్తుంది. చివరికి అసలు పిల్లాడి సంగతి ఎవరికీ గుర్తుండదు.

రాజీ కుదర్చడం కూడా ఇక్కడ పనికిరాదు. ఇద్దరు సమానమైన పిల్లలు బ్యాటు కోసం కొట్టుకుంటే కూర్చోబెట్టి మాట్లాడొచ్చు, ఇద్దరి తప్పూ కొంత ఉంటుంది. నలుగురు పెద్ద పిల్లలు కలిసి ఒక చిన్నవాణ్ణి రోజూ అదే పనిగా ఏడిపిస్తుంటే వాడు సర్దుకోవాల్సింది ఏముంది? తడబడకుండా మాట్లాడతానని ఒప్పుకోవాలా?

ఇప్పుడు లెక్కకి వద్దాం. ఆటోలో పదకొండు మంది అని రాశావు. (ఒక ఆటోలో పదకొండు మంది ఏమిటన్నది వేరే ఉత్తరానికి జవాబు.) మీ తమ్ముడు పోను, ఆ నలుగురు పోను, ఇంకా ఆరుగురున్నారు. అంత పెద్ద ఉత్తరంలో ఆ ఆరుగురి గురించి ఒక్క మాట కూడా లేదు. మీ పని ఆ ఆరుగురితోనే.

ఇది నేను ఊహించి చెప్తున్నది కాదు. కెనడాలో కొందరు పరిశోధకులు ప్రైమరీ స్కూళ్ల ఆటస్థలాల్లో పిల్లల్ని కెమెరాలు, మైకులు పెట్టి గమనించారు. 2001లో ఆ వివరాలు అచ్చయ్యాయి. ఎవరినైనా ఏడిపిస్తున్న సందర్భాల్లో 88 శాతం సార్లు పక్కన మిగతా పిల్లలున్నారు. అంటే ఇది ఎవరూ చూడనప్పుడు, చాటుగా జరిగే పని కాదు. జనం చూస్తుంటేనే జరిగే పని. ఆ చూసేవాళ్లు అడ్డుపడింది మాత్రం 19 శాతం సార్లే. అడ్డుపడినప్పుడు సగానికి పైగా, 57 శాతం సార్లు, పది సెకన్లలోపే అది ఆగిపోయింది. పది సెకన్లంటే ఎంత! ఆటో ఒక స్పీడ్‌బ్రేకర్ దాటేంత.

మీ తమ్ముడి ఆటోలో కూడా అంతే. మిమిక్రీ చేసే ఆ కుర్రాడు మీ తమ్ముడి కోసం చెయ్యడం లేదు, నవ్వేవాళ్ల కోసం చేస్తున్నాడు. నవ్వు రాకపోతే ఆ ఆట రెండు రోజులు కూడా నిలబడదు. కనుక ఆ ఆరుగురూ పెద్ద పిల్లలకి ఎదురుతిరగనక్కర్లేదు. ఆరో తరగతి పిల్ల పదో తరగతి వాళ్లతో గొడవ పెట్టుకోవాలని ఎవరూ అడగకూడదు కూడా. నవ్వకుండా ఉంటే చాలు. ఆ క్షణంలో "అన్నా, నిన్న మ్యాచ్ ఏమైంది?" అని మాట మార్చేస్తే ఇంకా మంచిది. మీ తమ్ముడికి తన పక్కన కాస్త చోటు ఆపడం, రానిరోజు సాయంత్రం ఇంటికెళ్లి "రేపొస్తున్నావా? లెక్కల సార్ టెస్ట్ పెడతానన్నాడు" అని చెప్పడం. ఫిన్లండ్‌లో 'కివా' అనే కార్యక్రమం చాలా స్కూళ్లలో నడుస్తోంది. అందులో టీచర్లు ఏడిపించేవాళ్లతో విడిగా మాట్లాడతారు, దాంతోపాటే క్లాసులో అందరూ ఇష్టపడే ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పిలిచి, బాధపడుతున్న పిల్లాడికి తోడుగా ఉండమని అడుగుతారు. తోడుగా ఉండటమంటే వాళ్లు చేసేవి ఇలాంటి చిన్న పనులే.

ఆ ఆరుగురిలో ముందు ఎవరితో మాట్లాడాలి? మనకి వెంటనే ఫస్ట్ ర్యాంకరో క్లాస్ లీడరో గుర్తొస్తారు. అక్కడే పొరపాటు. అమెరికాలోని న్యూజెర్సీలో 2012-13 విద్యా సంవత్సరంలో 56 మిడిల్ స్కూళ్లలో ఒక ప్రయోగం చేశారు. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి చెందిన ఎలిజబెత్ లెవీ పాలక్ అనే సైకాలజీ ప్రొఫెసర్, ఆవిడ సహచరులు. సగం స్కూళ్లలో పిల్లల్ని కొద్దిమందిని చీటీ తీసినట్టు ఎంచుకుని, "మీ స్కూల్లో గొడవలేంటి, ఏం చేస్తే తగ్గుతాయి, మీరే చెప్పండి, మీరే చెయ్యండి" అన్నారు. పెద్దవాళ్లు నినాదాలు రాసివ్వలేదు. పోస్టర్లు పిల్లలవే, మాటలు పిల్లలవే. ఎవరైనా గొడవ ఆపితేనో ఇంకొకరికి సాయం చేస్తేనో నారింజరంగు చేతిపట్టీ ఇచ్చేవాళ్లు. సంవత్సరం తిరిగేసరికి ఆ స్కూళ్లలో పిల్లల గొడవల మీద స్కూలు వాళ్లు రాసుకున్న క్రమశిక్షణ ఫిర్యాదులు మిగతా స్కూళ్లకంటే దాదాపు 30 శాతం తగ్గాయి. అసలు విషయం ఏమిటంటే, ఎంచుకున్న పిల్లల్లో 'అందరూ నేస్తం చేసే పిల్లలు' ఎక్కువమంది ఉన్న స్కూళ్లలో ఫలితం ఎక్కువ కనిపించింది. వాళ్లు మంచి మార్కుల పిల్లలే కానక్కర్లేదు, టీచర్లకి నచ్చినవాళ్లే కానక్కర్లేదు. నువ్వెవరితో ఎక్కువసేపు ఉంటావని పిల్లల్నందర్నీ అడిగితే ఎక్కువమంది ఎవరి పేరు చెప్పారో, వాళ్లు.

మీ ఆటోలో కూడా అలాంటి పిల్లో పిల్లాడో ఒకరు తప్పకుండా ఉంటారు. ఎవరి పక్కన కూర్చోవడానికి చిన్నపిల్లలు పోటీపడతారో, ఎవరు ఎక్కకపోతే ఆటోలో ఆ రోజు సందడి ఉండదో చూడండి. మీలోని అమ్మాయిలిద్దరినీ ఆ పిల్లతో మాట్లాడమను. ఉపన్యాసం వద్దు. "వాడు స్కూల్ మానేస్తున్నాడు తెలుసా? రేపు వస్తే నీ పక్కన కూర్చోబెట్టుకుంటావా?" అని అడిగితే సరిపోతుంది. నాకు తెలిసినంతలో పిల్లలు ఇలాంటివాటికి కాదనరు. చాలామందికి లోపల ఇబ్బందిగానే ఉంటుంది, తాము నవ్వకపోతే రేపు తమ వంతు వస్తుందని భయపడి నవ్వుతారు. నేనూ చిన్నప్పుడు అలాగే నవ్వాను. మా క్లాసులో నల్లగా ఉండే ఒక అమ్మాయిని 'బొగ్గు' అనేవాళ్లు. నా రంగూ పెద్ద తేడా ఏం కాదు. అందుకే అందరికంటే గట్టిగా నవ్వేదాన్ని.

ఆటో డ్రైవర్ని మర్చిపోకండి. ఆ పిల్లలతో రోజూ ఉండే ఒకే ఒక్క పెద్దమనిషి అతను. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పగలిగేదీ అతనే. ఆ నలుగురినీ ఒక చోట కూర్చోనివ్వకుండా విడదీసి, మీ తమ్ముణ్ణి ముందు తన పక్కకో ఆ అమ్మాయి పక్కకో మారిస్తే సగం పని అక్కడే అయిపోతుంది. ఆటోలో ఫోన్లు తియ్యొద్దని చెప్పమనండి. అతనితో మీరు ఒక టీ తాగుతూ మాట్లాడితే వింటాడు. 'నీ ఆటోలో ఇలా జరుగుతుంటే ఏం చేస్తున్నావు' అని మొదలుపెడితే వినడు.

మీ మాట ఎవరు వింటారని అడిగావు. 2007లో కెనడాలోని నోవాస్కోషియాలో ఒక హైస్కూల్లో జరిగింది చెప్తాను. కొత్తగా చేరిన తొమ్మిదో తరగతి కుర్రాడు మొదటి రోజు గులాబీరంగు చొక్కా వేసుకొచ్చాడు. ఆ రంగు వేసుకున్నందుకు కొందరు వాణ్ణి ఏడిపించారు, కొడతామని బెదిరించారు. పన్నెండో తరగతి చదివే ఇద్దరు కుర్రాళ్లు, డేవిడ్ షెపర్డ్, ట్రావిస్ ప్రైస్, ఆ సంగతి విన్నారు. వాళ్లకి ఆ పిల్లాడు చుట్టమూ కాదు, స్నేహితుడూ కాదు. ఏడిపించినవాళ్ల దగ్గరికి వెళ్లలేదు. చవక బట్టల కొట్టుకెళ్లి 50 గులాబీరంగు చొక్కాలు కొని, తెల్లారి స్కూల్లో పంచారు. అంతకు ముందు రాత్రే తోటివాళ్లకి కబురు పంపారు. మర్నాడు చూస్తే స్కూల్లో ఎక్కడ చూసినా అదే రంగు. ఇప్పుడు కెనడాలో ఏటా ఫిబ్రవరిలో ఒక బుధవారం దానికి గుర్తుగా దేశమంతా గులాబీరంగు చొక్కాలేసుకుంటారు. వాళ్లిద్దరూ టీచర్లూ కాదు, పోలీసులూ కాదు. ఏణ్ణర్థం తేడాలో నీ వయసువాళ్లు.

అలాగని మీరు 'బఫరింగ్' అని టీషర్టులు అచ్చు వేయించుకోకండి, మీ యూత్‌లో ఎవరికో ఒకరికి ఈ ఐడియా వచ్చే ఉంటుంది. చొక్కా సాయంత్రం విప్పేస్తాం, మాట తడబడటం విప్పేసేది కాదు. ఆ పేరు ఇంకెవరి నోటా రాకపోవడమే వాడికి కావాలి, అందరి ఒంటిమీదా కనబడటం కాదు.

అంత దూరం దేనికి, నీ పక్క జిల్లాలోనే ఉంది. 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎం.వి. ఫౌండేషన్ బాలకార్మికుల్ని బడికి పంపే పని మొదలుపెట్టినప్పుడు ఇంటింటికీ తిరిగి తల్లిదండ్రుల్ని ఒప్పించినవాళ్లలో చాలామంది ఆ ఊళ్ల యువకులే. ఆ పనికి ముందు నిలిచిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. పశువుల కాడి పిల్లాణ్ణి బడికి పంపమని భూస్వామిని ఒప్పించిన కుర్రాళ్లున్న నేల అది. వినాయక చవితికి చందా ఇవ్వనన్న ఇంటికి మూడోసారి కూడా వెళ్లి నవ్వుతూ అడిగి వసూలు చేసుకొస్తారు కదా మీరు. ఆ ఓర్పే ఇక్కడా కావాలి.

ఆ ఓర్పు ముందుగా రీల్ దగ్గర వాడండి. దాన్ని తీయించేలోపు, ఏ అకౌంట్‌లో, ఏ తేదీన పెట్టారో తెలిసేలా స్క్రీన్‌షాట్ తీసి బాబాయ్ దగ్గర ఉంచండి, తర్వాత అవసరం పడొచ్చు. ఆ స్క్రీన్‌షాట్ మీ యూత్ గ్రూపులో పెట్టకండి! తర్వాత ఇన్‌స్టాగ్రామ్‌లోనే రిపోర్ట్ కొట్టండి, వేధింపు అన్న కారణం అక్కడ ఉంటుంది. పెట్టినవాడి ఇంట్లో అన్నో అక్కో మీకు తెలిసినవాళ్లుంటే వాళ్లతో చెప్పించి తీయించండి. మాట వినకుండా మళ్లీ మళ్లీ పెడుతుంటే బాబాయ్‌తో జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయించండి. వాళ్లూ మైనర్లే కాబట్టి కేసుదాకా వెళ్లకుండా తెగితే అందరికీ మంచిది.

ఊళ్లో పెద్దవాళ్ల ఫోన్లలోకి వచ్చిందన్నావు చూడు, నాకు అన్నిటికన్నా ఒళ్లు మండింది అక్కడే. నలభై యాభై ఏళ్లవాళ్లు ఎనిమిదో తరగతి పిల్లాడి నోటిని చూసి నవ్వుకుని పక్కవాళ్లకి పంపారు. మరి ఆ నలుగురు పిల్లలు ఎక్కడ నేర్చుకున్నారంటావ్? మీ ఆరుగురూ ఒక్కొక్కరు కొన్ని ఇళ్లు పంచుకుని వెళ్లండి. "పెద్దనాన్నా, ఆ వీడియో తీసేస్తారా, మా తమ్ముడు స్కూలు మానేస్తున్నాడు" అని అడగండి. గ్రూపులో మెసేజ్ పెడితే అందరూ బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకుంటారు. ఇంటికెళ్లి ఎదురుగా కూర్చుంటే తీసేస్తారు.

ఇక మీ తమ్ముడు. ఇంతదాకా నేనూ వాణ్ణి పక్కన పెట్టి ఊరందరి గురించీ మాట్లాడాను, మనందరం చేసే పొరపాటే ఇది. పైన చెప్పిన ఏ పనైనా వాడికి చెప్పకుండా మొదలుపెట్టకండి. "నీకేం జరిగితే బాగుంటుంది?" అని అడుగు. వాడు జవాబు చెప్పడానికి టైం పడుతుంది, పట్టనీ. వాడి మాట మధ్యలో నువ్వు అందించకు. "నెమ్మదిగా చెప్పు, ఊపిరి తీసుకో" అనకు, ప్రేమతో అన్నా వాడికి అది ఇంకో ఎత్తిపొడుపులాగే ఉంటుంది. మొహం తిప్పుకోకుండా, తొందరపెట్టకుండా విను. నూటికి ఒకరికి ఇలా మాట తడబడుతుంది, భయస్తుడు కావడం వల్లనో తెలివి తక్కువ కావడం వల్లనో కాదు. ఇది బాబాయ్‌కి కూడా చెప్పాలి. తిరిగి కొట్టమనే బాబాయ్‌కి కొడుకంటే ప్రేమ లేక కాదు, ఆయనకి అంతకు మించి ఏం చేయాలో తెలియదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, మాట, వినికిడి సమస్యలకి అక్కడ స్పీచ్ థెరపీ ఇస్తారు. ఒకసారి తీసుకెళ్లమను. వాణ్ణి ఆటపట్టించడం ఆగడానికి వాడి మాట బాగుపడాలన్న షరతు మాత్రం ఎవరూ పెట్టకూడదు.

కడుపునొప్పి అని రాశావు. అబద్ధం అనుకోవద్దు, టెన్షన్‌కి నిజంగానే నొప్పి వస్తుంది. అన్నం, నిద్ర ఎలా ఉన్నాయో చిన్నమ్మని గమనిస్తూ ఉండమను. వాడు ఎప్పుడైనా "నేను లేకపోతేనే నయం" లాంటి మాట అంటే, సరదాకి అన్నా సరే, ఆ రోజే ఇంట్లో చెప్పాలి, వాణ్ణి ఒంటరిగా వదలకూడదు. 'ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి' అంటే వెయ్యకు. మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం నడిపే టెలిమానస్ హెల్ప్‌లైన్ ఉంది, 14416కి ఎప్పుడు ఫోన్ చేసినా డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. పిల్లలకి ఏ ఆపద వచ్చినా 1098 ఉంది. ఈ రెండు నంబర్లూ మీ ఆరుగురి ఫోన్లలో ఈ రోజే సేవ్ చేసుకోండి. ఈ పనిలో దిగాక ఇంకెవరో పిల్ల వచ్చి తనని ఒకడు తాకుతున్నాడనో, ఫోటోలతో బెదిరిస్తున్నాడనో చెప్పొచ్చు. అది మీ యూత్ తేల్చే విషయం కాదు. పిల్లల మీద లైంగిక వేధింపు సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా సరే, పోలీసులకి చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం చెప్తోంది. ఆ పిల్లని నిందించకుండా విని, నమ్మకమైన పెద్దవాళ్లతో కలిసి వెంటనే చెప్పండి.

స్కూలుకి వెళ్లేటప్పుడు బాబాయ్, చిన్నమ్మ ముందుండాలి, మీరు వెనక. మాటల్లో చెప్పి రాకండి. ఏ రోజు ఏం జరిగిందో ఒక కాగితం మీద తేదీలతో రాసి హెడ్మాస్టర్‌కిచ్చి, ఒక కాపీ మీద సంతకం తీసుకోండి. 'వాళ్లని సస్పెండ్ చెయ్యండి' అని అడిగితే ఆయన ముందే బిగుసుకుంటారు. ఆటో దిగేచోట ఎవరు చూస్తారు, ప్రతి శుక్రవారం మీ తమ్ముడితో ఏ టీచర్ ఒక ఐదు నిమిషాలు మాట్లాడతారు, ఈ రెండూ అడగండి. ఆ నలుగురి తల్లిదండ్రుల్ని స్కూలే పిలిపించాలి, మీరు కాదు. పదిహేను రోజుల్లో ఏ కదలికా లేకపోతే మండల విద్యాధికారి ఉన్నారు.

నువ్వు డిగ్రీలో చేరినప్పుడు ర్యాగింగ్ చెయ్యనని నీతోనూ మీ నాన్నతోనూ హామీపత్రం తీసుకుని ఉంటారు, గుర్తుందా? 2009లో యూజీసీ పెట్టిన నిబంధన అది. అంతకు ముందే, 1997లో ఉమ్మడి రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. ఫిర్యాదు వచ్చినా పట్టించుకోని కాలేజీ అధిపతిని కూడా ఆ చట్టం వదలదు. కాలేజీకొస్తే దానికి పేరుంది, చట్టముంది, 1800-180-5522 అని నంబరుంది. అదే పని పదో తరగతివాడు ఆటోలో చేస్తే దానికి మన భాషలో ఉన్న పేరు 'సరదా'.

ఆ మిమిక్రీ కుర్రాడితోనూ ఎవరో ఒకరు మాట్లాడాలి, ఒక్కరే, ఒంటరిగా. మీలో వాడితో క్రికెట్ ఆడేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లు. గ్రౌండ్ నుంచి నడిచొస్తూ మాట్లాడితే మంచిది, ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు. నాకైతే ఆ పని నువ్వే చేస్తే బాగుంటుందనిపిస్తోంది. అర్హత గురించి అడిగావు కదా. ఆ కుర్రాడికి "నేనూ చేశాను" అని చెప్పగలిగింది మీ ఆరుగురిలో నువ్వొక్కడివే. ఏం చేశావో, ఎవరు నవ్వితే నీకు హుషారొచ్చిందో, ఇప్పుడు తలుచుకుంటే ఎలా ఉంటుందో చెప్పు. వాడు ఒప్పుకోడు, "అంత సీన్ లేదన్నా" అంటాడు. అననీ. రీల్ తీసెయ్యమని మాత్రం అడిగి రా.

దానికి ముందు నువ్వు చెయ్యాల్సిన పని ఒకటుంది. నువ్వు ఏడిపించిన ఆ పిల్లాడు ఇప్పుడెక్కడున్నాడు? నంబరు దొరక్కపోదు. నువ్వు ఏమన్నావో ఆ మాటలే గుర్తు చేసుకుని, తప్పయిందని చెప్పు. 'చిన్నతనం' అని కలపకు, 'అందరూ అన్నారు' అని కలపకు. మర్చిపోయానని వాడు అనకపోవచ్చు, అసలు బదులే ఇవ్వకపోవచ్చు. వాడు క్షమిస్తేనే నీకు నిద్ర పడుతుందన్న భారం వాడి మీద పెట్టకు. ఆ సంగతి స్టేటస్‌లో పెట్టకు, మీ యూత్ మీటింగ్‌లో కూడా చెప్పకు.

ర్యాలీ విషయం. బ్యానర్ మీద ఏం రాస్తారు? ఏది రాసినా ఊళ్లో అందరికీ అది మీ తమ్ముడి గురించేనని తెలుస్తుంది. వాడు ఇప్పటికే ఊరందరి ఫోన్లలో ఉన్నాడు, ఇంక వీధిలోకి కూడా తీసుకురావద్దు. అంతగా ఏదైనా చెయ్యాలనుంటే వచ్చే వినాయక చవితికి మండపం దగ్గర పిల్లలకి పెట్టే పోటీల్లో మిమిక్రీ ఒకటి పెట్టండి, ఆ కుర్రాడికి నిజంగానే ఆ విద్య ఉన్నట్టుంది, మైకు ముందు నటుల్నీ నాయకుల్నీ అనుకరించనివ్వండి. ఇది మా ఇంట్లోవాళ్లకి నచ్చలేదు, ఏడిపించినవాడికి బహుమతా అన్నారు. నాకు మాత్రం సబబే అనిపిస్తోంది. మీరే ఆలోచించుకోండి. అదీ మీ తమ్ముడు సరేనంటేనే.

సోమవారం పొద్దున ఆటో వచ్చేవేళకి నువ్వో మీ స్నేహితుల్లో ఎవరో ఒకరు వాడి వెంట స్టాండుదాకా నడవండి. కాపలాలాగా వద్దు, కబుర్లు చెప్పుకుంటూ. ఏం కబుర్లంటే నేను చెప్పలేను. వాడిని ఏమని ఏడిపిస్తున్నారో రాశావు గానీ, వాడికేం ఇష్టమో రాయలేదు. పావురాలా, చెస్సా, చేపలు పట్టడమా? రాత్రికి వెళ్లి అడుగు.